గూడ్సు చక్రమా, మెయిలు చక్రమా

నేను ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని ఇక్కడికి వచ్చారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ప్యాటర్న్ షాపు వడ్రంగి. ఆయన తర్వాత నేనూ ఆ పనిలోనే ఉండి రిటైరయ్యాను. ప్యాటర్న్ అంటే పోతపనికి ముందు చేసే కొయ్య నమూనా. ఇనుముతో ఏ భాగం పోత పోయాలన్నా ముందు దాన్ని కొయ్యలో చెక్కాలి, ఆ కొయ్యను ఇసుకలో అదిమి అచ్చు తీయాలి, ఆ అచ్చులో కరిగిన ఇనుము పోయాలి. ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది, అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని మా స్కేళ్లు బజారు స్కేళ్లకన్నా ఆ మేరకు పొడుగ్గా ఉండేవి. కళ్లముందున్న కొయ్యను కాకుండా, రేపు దాని పని ఎలా ఉంటుందో ఊహించి చెక్కడం మా వృత్తి.

ఈరోజు నేను మాట్లాడబోయేది రైలు గురించి కాదు, విమానం గురించి. ఇంట్లో సొంతంగా కట్టుకునే చిన్న విమానానికి పంకా, అంటే ప్రొపెల్లర్, ఎలా ఎంచుకోవాలన్న సంగతి. రైల్వే వడ్రంగికి విమానంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. చెబుతాను.

మా మేనల్లుడు అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఉంటాడు. చిన్నప్పుడు వేసవి సెలవలకు మా ఇంటికి వచ్చేవాడు. కలైకుండా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి లేచిన జెట్లు మా డాబా మీదుగా వెళ్తుంటే అన్నం కంచం వదిలేసి బయటికి పరిగెత్తేవాడు. ఆ పిచ్చి పెద్దయ్యాకా పోలేదు. అక్కడ సొంత చేతులతో సగానికి మించి కట్టిన విమానాన్ని ప్రయోగాత్మక విమానంగా నమోదు చేసుకుని ఎగరేయనిస్తారు. అలా కట్టేవాళ్ల సంఘం 1953లోనే పుట్టింది. మన దేశంలోనూ అలాంటి పట్టుదలగలవాళ్లు ఉన్నారు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తమ ఇంటి డాబా మీద విమానం కట్టి, ఏళ్ల తరబడి తిరిగి, 2017లో దాన్ని రిజిస్టర్ చేయించుకున్నారు. మావాడు కట్టేది అంత పెద్దది కాదు. ఒక్క మనిషి కూర్చునే కొయ్య విమానం. దానికి పాత ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజను.

ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇంజను కుదిరింది. పంకా నేనే చెక్కుదామనుకుంటున్నా. ఎంత సైజు చెయ్యమంటావు?"

"సైజు సంగతి తర్వాత. ముందు నువ్వు లాగాల్సింది గూడ్సా, మెయిలా అది చెప్పు నాయనా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. మా నాన్న నాకు నేర్పిన పాఠం వాడికి అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.

ఆవిరి ఇంజనుకు గేర్లు ఉండవు. పిస్టన్ ఒకసారి ముందుకూ వెనక్కీ వెళ్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంతే. కాబట్టి ఆ ఇంజను ఎలాంటి పని చేయాలో చక్రం వ్యాసంలోనే తేలిపోతుంది. 1947 నుంచి మెయిలు బళ్లకు వచ్చిన డబ్ల్యూపీ ఇంజను చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు. 1950లో చిత్తరంజన్‌లో తయారైన మొదటి ఇంజను 'దేశబంధు' డబ్ల్యూజీ రకం, గూడ్సు ఇంజను. దాని చక్రం 5 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఒక్క చుట్టుకు డబ్ల్యూపీ పదిహేడున్నర అడుగులు సాగితే, డబ్ల్యూజీ పదహారడుగులే సాగుతుంది. అడుగున్నర తేడా. ఆ తేడాలోనే మెయిలు పరుగూ ఉంది, చక్రధర్‌పూర్ దాటాక సారండా అడవి ఎత్తుల మీదికి ఇనుపరాయి వాగన్లు లాక్కెళ్లే సత్తువా ఉంది. ఒకే చక్రంలో రెండూ దొరకవు.

చిన్న విమానానికి పెట్టే మామూలు కొయ్య పంకా కూడా అంతే. దాని రెక్కల వాలు మారదు. ఒక చుట్టుకు అది గాలిలో ఎంత ముందుకు సాగాలో చెక్కినరోజే నిర్ణయమైపోతుంది. మర మేకు కొయ్యలోకి ఒక్కో చుట్టుకు ఇంత అని దిగుతుంది చూడండి, అలాగే పంకా గాలిలోకి దిగుతుంది. ఆ దిగే దూరాన్నే పిచ్ అంటారు. పంకా మీద రెండంకెలు రాసి ఉంటాయి. 60, 38 అని ఉందనుకోండి. 60 అంగుళాల వ్యాసం, 38 అంగుళాల పిచ్. పిచ్ తక్కువైతే అది గూడ్సు చక్రం. ఇంజను తేలిగ్గా చుట్లు అందుకుంటుంది, విమానం తొందరగా నేల విడిచి నిటారుగా ఎక్కుతుంది, పైన మాత్రం వేగం ఉండదు. పిచ్ ఎక్కువైతే మెయిలు చక్రం. పైకి వెళ్లాక హాయిగా పరుగెత్తుతుంది, కానీ నేల మీదినుంచి లేవడానికి రొప్పుతుంది.

ఈ రెండంకెలు ఎలా పుట్టాలో చెబుతాను, కాస్త లెక్క ఓపిక పట్టండి. మావాడి ఇంజను సుమారు 60 హార్స్‌పవర్. పంకా నేరుగా ఇంజను ఇరుసుకే బిగుస్తుంది, మధ్యలో గేర్లు లేవు. పైన మామూలు పరుగులో నిమిషానికి 3200 చుట్లు తిరగాలని వాడి ఉద్దేశం. విమానం గంటకు 160 కిలోమీటర్లు పోవాలి. 38 అంగుళాల పిచ్‌తో 3200 చుట్లు తిరిగితే, గాలి గట్టి కొయ్యలా ఉన్నట్టయితే, గంటకు 185 కిలోమీటర్లు సాగాలి. గాలి కొయ్య కాదు కదా, జారుతుంది. ఆ 25 కిలోమీటర్ల తేడా జారుడుకు వదిలిపెట్టాం. పిచ్ లెక్క అక్కడికి కుదిరింది.

ఇక వ్యాసం. ఇక్కడ చాలామంది పొరపడతారు. పెద్ద పంకా ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తుంది, అందువల్ల లాగుడు బాగుంటుంది. ఆ మాట నిజమే. కానీ రెక్క కొస ఎంత వేగంగా పోతోందో చూడాలి. 60 అంగుళాల పంకా 3200 చుట్లు తిరుగుతుంటే దాని కొస సెకనుకు 255 మీటర్ల వేగంతో గాలిని కోస్తుంది. మన ఎండల్లో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. అదే పంకాను 72 అంగుళాలు చేస్తే కొస వేగం 300 దాటుతుంది. ధ్వనికి అంత దగ్గరగా వెళ్లాక కొస దగ్గర గాలి సాఫీగా జరగదు. ఇంజను శక్తి లాగుడుకు పోకుండా చెవులు చిల్లులుపడే రొదగా మారిపోతుంది. పైగా వ్యాసం కొంచెం పెంచినా ఇంజను మీద బరువు విపరీతంగా పెరుగుతుంది. వ్యాసం అయిదో ఘాతం చొప్పున పెరిగే లెక్క అది. 60 అంగుళాల పంకాకు 2 అంగుళాలు కలిపితే, అదే చుట్లకు దాదాపు 18 శాతం ఎక్కువ శక్తి కావాలి.

మా నాన్న చిన్నతనంలో చూసినదొకటి ఈ సందర్భంలో చెప్పాలి. 1944లో అమెరికావాళ్ల బీ-29 బాంబర్ విమానాలు మా చుట్టుపక్కల దిగాయి. హిజ్లీలోని నిర్బంధ శిబిరం భవనాలు వాళ్ల బాంబర్ కమాండుకు ప్రధాన కార్యాలయమయ్యాయి. చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీ, కలైకుండాల్లో రన్‌వేలు వేశారు. ఆ విమానాలు న్యూ సెటిల్‌మెంట్ మీదుగా పోతుంటే కిటికీ రెక్కలు అదిరేవని నాన్న చెప్పేవారు. ఒక్కో పంకా వ్యాసం 16 అడుగుల 7 అంగుళాలు, నాలుగేసి రెక్కలు. ఇంజను 2200 హార్స్‌పవర్. అంత పంకాను ఇంజను చుట్లతోనే తిప్పితే కొస ధ్వనిని ఎప్పుడో దాటిపోతుంది. అందుకే మధ్యలో గేర్లు పెట్టి, ఇంజను చుట్లలో మూడో వంతు వేగంతోనే పంకాను తిప్పారు. కొస వేగం లెక్క కట్టి చూశాను. సెకనుకు సుమారు 260 మీటర్లు వచ్చింది. మా మేనల్లుడి చిన్న కొయ్య పంకా 255, ఆ మహా బాంబర్ పంకా 260! ఏనుగుకైనా ఎలుకకైనా గాలి పెట్టిన గీత ఒక్కటే. ఆ రాత్రి ఈ లెక్క తేలాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

గేర్లు లేని ఇంజనుకు పెద్ద పంకా కావాలంటే ఇంజనే నెమ్మదిగా తిరగాలి. అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన 1920ల చివర ఫోర్డు మోడల్ ఏ కారు ఇంజనుతో 'ఎయిర్ క్యాంపర్' అనే కొయ్య విమానం కట్టారు. ఆ ఇంజను 40 హార్స్‌పవరే, నిమిషానికి 2200 చుట్ల దగ్గర. అంత నిదానం కాబట్టి దానికి ఆరడుగులు దాటిన పంకా చక్కగా సరిపోతుంది. ఇప్పటి రోటాక్స్ ఇంజన్లు దీనికి తలకిందులు. ఇంజను 5800 చుట్లు తిరుగుతుంది, 100 హార్స్‌పవర్ రకంలో 2.43కు 1 చొప్పున గేరు తగ్గించి పంకాకు అందిస్తుంది. అందుకే ఇంజను ఏదో తెలియకుండా పంకా సైజు అడిగితే జవాబు ఉండదు.

వ్యాసానికి ఇంకో హద్దు నేల. తోకచక్రం ఉన్న విమానమైతే, దాన్ని సమంగా నిలబెట్టినప్పుడు కొసకీ నేలకీ మధ్య కనీసం 9 అంగుళాలు ఉండాలి. ముక్కుచక్రం ఉంటే 7. ఇవి సర్టిఫికెట్ పొందే విమానాలకు చాలాకాలం ఉన్న నిబంధనలు. సొంతంగా కట్టేవాళ్లు వీటిని తగ్గించకపోవడం మంచిది. టైరులో గాలి తగ్గినా, నేల మీద గడ్డి దుబ్బు ఉన్నా మొదట దెబ్బతినేది పంకాయే. నేల అడ్డం వచ్చి వ్యాసం తగ్గించక తప్పనప్పుడు మూడు రెక్కలు పెడతారు. అవసరం లేకుండా చూపుకోసం మూడు పెట్టుకోవడం నాకు నచ్చదు. చిన్న ఇంజనుకు రెండు రెక్కల పంకా తేలిక, చెక్కడం సులువు, లాగుడూ సాధారణంగా ఎక్కువే.

కొయ్యా, లోహమా అన్న ప్రశ్న మావాడు అడగకముందే నేను తేల్చేశాను. వడ్రంగిని కాబట్టి కొయ్య వైపు మొగ్గానని మీరనుకోవచ్చు. కారణం అది కాదు. పిస్టన్ ఇంజను సాఫీగా తిప్పదు, ఒక్కో పేలుడుకూ ఒక్కో కుదుపు ఇస్తుంది. కొయ్య ఆ కుదుపును తనలో ఇముడ్చుకుంటుంది. అల్యూమినియం రెక్క దాన్ని దాచిపెట్టుకుంటుంది. ఫలానా ఇంజనుతో పరీక్షించి చూడని లోహపు పంకాను మరో ఇంజనుకు తగిలిస్తే, ఏ చుట్ల దగ్గర రెక్క కంపించడం మొదలుపెడుతుందో పైకి తెలియదు. రైల్వేవాళ్లకు ఇది పాత కథ. 19వ శతాబ్దంలో జర్మనీలో రైలు ఇరుసులు ఏ పెద్ద బరువూ పడకుండానే ఎందుకు విరుగుతున్నాయో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఏళ్ల తరబడి పరీక్షలు చేసి చూపించారు. చిన్న ఒత్తిడే లక్షల సార్లు పడితే ఇనుమైనా అలసిపోతుంది. ప్లాట్‌ఫారం మీద బండి ఆగగానే సుత్తితో చక్రాలు కొట్టి చెవి ఒగ్గి వినే మనిషిని మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ సుత్తి దెబ్బ వెనక ఉన్నది ఈ భయమే. లోహపు రెక్క అంచున రాయి తగిలి గోరంత గాటు పడినా, పగులు అక్కడే మొదలవుతుంది. లోహపు పంకా ఉన్నవాళ్లు ప్రతిసారీ ఎగిరేముందు ఆ అంచును వేలితో తడిమి చూసుకోవాలి.

కొయ్య అంటే ఏ కొయ్య? మన దగ్గర ఎవర్నడిగినా టేకు అంటారు. తలుపులకూ బీరువాలకూ టేకును మించింది లేదు. కానీ టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు దాన్ని గట్టిగా పట్టదు. పంకాను ఒకే దుంగలోంచి చెక్కరు, పలకలను పొరలు పొరలుగా అతికించి చెక్కుతారు. అతుకు ఊడితే ప్రాణం పోతుంది. అందుకే మేపుల్ గానీ, బర్చ్ గానీ, మహాగనీ గానీ వాడతారు. రైట్ సోదరులు 1903లో స్ప్రూస్ పలకలు అతికించి చెక్కారు. వాళ్ల పంకాల వ్యాసం ఎనిమిదిన్నర అడుగులు. 12 హార్స్‌పవర్ ఇంజను నుంచి సైకిల్ గొలుసుల్లాంటి గొలుసులతో వాటిని నెమ్మదిగా తిప్పారు. ఓడల పంకాల లెక్కలు అరువు తెచ్చుకుందామని చూస్తే, అక్కడ కొలిచి చూసి చేసుకునే అనుభవమే తప్ప సిద్ధాంతం దొరకలేదు. చివరికి వాళ్లకే తట్టింది, పంకా అంటే గుండ్రంగా తిరిగే విమానపు రెక్కేనని. ఆ ఒక్క ఆలోచనకు నేను చేతులెత్తి దండం పెడతాను.

తిరిగే రెక్క కాబట్టే పంకాకు మెలిక. ఇరుసు దగ్గర కొయ్య నెమ్మదిగా పోతుంది, కొస మహా వేగంగా పోతుంది, రెండూ ఒక చుట్టులో సాగాల్సింది మాత్రం అదే 38 అంగుళాలు. మావాడికి కాగితం మీద లంబకోణ త్రిభుజాలు గీయించాను. అడ్డగీత ఆ చోట చుట్టుకొలత, నిలువుగీత 38 అంగుళాలు, వాలుగీత రెక్క కోణం. ఇరుసు నుంచి 10 అంగుళాల దూరంలో 31 డిగ్రీలు వచ్చింది, 15 అంగుళాల దగ్గర 22, కొసలో 11 చిల్లర. ఒక్కో చోటికి ఒక్కో రేకు మూస కోసుకుని, చెక్కుతున్నంతసేపూ ఆ మూసలు పెట్టి చూసుకోవాలి. ప్యాటర్న్ షాపులో మేం రోజూ చేసిన పనే అది. ఒక హెచ్చరిక చెప్పాలి. ఒక కంపెనీ పంకా మీద 38 అని ఉన్నదీ, ఇంకో కంపెనీ పంకా మీద 38 అని ఉన్నదీ గాలిలో ఒకేలా ఉండవు. ఒకరు రెక్క వెనక చదును ముఖం మీద కొలుస్తారు, ఇంకొకరు మరోలా కొలుస్తారు. కొనేవాళ్లు అంకె చూసి కొనకూడదు. మీలాంటి విమానమే, మీలాంటి ఇంజనే ఉన్నవాడు ఏది వాడుతున్నాడో కనుక్కుని కొనాలి.

చెక్కడం మొదలుపెట్టే ముందురోజు మళ్లీ ఫోన్ చేసి అడిగాను. "ఒరే, పంకా ఇంజనుకు ఏ కొసన బిగిస్తున్నావు? పుల్లీ వైపా, ఫ్లైవీల్ వైపా?"

"పుల్లీ వైపు మావయ్యా. ఏం?"

"మరి ఎడమ వాటం చెక్కాలి కదరా!"

అవతల కాసేపు మాట లేదు. ఒకే ఇంజను ఒక కొసన చూస్తే ఒక దిక్కుకూ, రెండో కొసన చూస్తే ఎదురు దిక్కుకూ తిరుగుతున్నట్టు ఉంటుంది. మామూలు విమాన ఇంజన్ల పంకా బొమ్మ చూసి కుడి వాటం చెక్కి ఉంటే, నెలల పని పొయ్యిలోకి పోయేది. ప్యాటర్న్ షాపులో నేను కొత్తగా చేరినప్పుడు ఇలాగే కుడి ఎడమలు తారుమారు చేసి, ఒక నమూనా అంతా మళ్లీ చెక్కాల్సి వచ్చింది. అది గుర్తుండబట్టే అడిగాను.

రెండు నెలలు పట్టింది వాడికి. తూకం చూడటానికి మధ్య రంధ్రంలో నున్నటి కడ్డీ దూర్చి, రెండు కత్తి అంచుల మీద పెట్టాడు. ఏ రెక్క కిందికి వాలితే దాన్ని ఇసుక కాగితంతో ఇంకొంచెం రుద్దడం. చివరికి ఎలా వదిలితే అలా నిలిచిపోయేదాకా. బిగించాక రెండు కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో చూశాడు. కొయ్య పంకాకు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వరకు ఫరవాలేదు. వాడిది అందులో సగం కూడా లేదు.

తర్వాత అసలు పరీక్ష. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, తోకను లావుపాటి తాడుతో చెట్టుకు కట్టి, ఇంజను పూర్తిగా తెరిచాడు. నాకు ఫోన్‌లో వినిపించాడు. శబ్దం విన్నంతనే నాకు తెలిసింది, ఇంజను మూలుగుతోందని. 2600 చుట్ల దగ్గర ఆగిపోయింది. పైన ఎగిరేటప్పుడు గాలి ఎదురొచ్చి పంకా తేలికపడుతుంది, చుట్లు కొన్ని వందలు పెరుగుతాయి. అయినా 2600 తక్కువే. వాడి రన్‌వే పొట్టి గడ్డినేల, చివర చెట్లు. హ్యూస్టన్ ఎండలో గాలి పలచబడుతుంది, ఇంజను నీరసపడుతుంది, లేవడానికి ఇంకా ఎక్కువ నేల కావాలి. అలాంటి చోట మెయిలు చక్రం పెట్టుకుని చెట్ల వైపు పరిగెత్తడం నాకు సమ్మతం కాదు. గంటకు పది కిలోమీటర్ల వేగం పోయినా పోనీ, చెట్లమీద చారెడు ఎత్తు మిగలాలి.

నేను ముందే 60 అంగుళాలు చెక్కించింది అందుకే. కొయ్య కోయగలం గాని అతికించలేం. ఒక్కో కొస అంగుళం చొప్పున తగ్గించమన్నాను. 58 అయింది. మళ్లీ తూకం, మళ్లీ వార్నిష్, మళ్లీ చెట్టుకు తాడు. ఈసారి 2830.

"మావయ్యా, ఇప్పుడు పాట మారింది" అన్నాడు.

నిజమే, నాకూ వినిపించింది.

ఇక మిగిలింది కొయ్య పంకా కాపురం. హ్యూస్టన్ గాలిలోనూ మన ఖరగ్‌పూర్‌లాగే తేమ ఎక్కువ. వానాకాలంలో మన ఇంటి తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి, శీతాకాలం పొడి గాలికి మళ్లీ వదులవుతాయి. పంకా మధ్య కొయ్యా అంతే. వానల్లో ఉబ్బి బోల్టుల కింద నలుగుతుంది, ఎండలకు కుదించుకుపోయి బోల్టులు వదులవుతాయి. వదులైన పంకా బోల్టుల మీద అటూ ఇటూ రాసుకుంటూ, కొయ్యను మాడ్చి, చివరికి ఊడొస్తుంది. కొత్త పంకాకు మొదటిసారి ఎగిరాక ఒకసారి, తర్వాత కొద్ది గంటలకొకసారి, ఋతువు మారినప్పుడల్లా ఒకసారి టార్క్ రెంచితో బిగువు చూడాలి. విమానం నిలిపినప్పుడు పంకాను అడ్డంగా ఉంచాలి. నిలువుగా వదిలేస్తే తేమ కింది రెక్కలోకి దిగి, అది బరువెక్కి తూకం చెడుతుంది. కొసలకు తొడిగిన ఇత్తడి రేకుకు సన్నటి రంధ్రాలుంటాయి, లోపలికి చేరిన నీరు బయటికి పోవడానికి. రంగు వేసేటప్పుడు వాటిని మూసెయ్యకూడదు.

ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి వాడికి ఫోటో పంపాను. హ్యాంగరు గోడకు అంటించుకున్నానని చెప్పాడు. కోసేసిన ఆ రెండు కొస ముక్కలూ మొన్న సంక్రాంతికి వాళ్లమ్మ చేత పంపించాడు. ఒకటి మా నాన్న ఫోటో దగ్గర పెట్టాను. రెండోది నా పనిబల్ల మీద ఉంది. అంగుళం ముక్కే అయినా దాన్ని అటూ ఇటూ తిప్పితే, ఆ 11 డిగ్రీల వాలు చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.